సమస్య: చదువకుండనే చదివెఁ బుస్తకము నతఁడు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇది నాలుగో పాదంగా వచ్చేలా పద్యం పూర్తిచేయడమే పూరణ. ‘చ’కీ, ‘పుస్తకము’ నడుమ ఉన్న ‘స్త’లోని సకారానికీ యతి మైత్రి. అర్థం చూస్తే తలకిందులు: చదవకుండా చదవడమేమిటి? దాన్ని నిలబెట్టడమే మీ పని. సందర్భం మాత్రం నేనే ఇస్తున్నాను. బస్సు, ఎంఎంటీఎస్ (హైదరాబాదు లోకల్ రైలు), మెట్రో, ఏదైనా సరే, తోటి ప్రయాణికుడి చేతిలో మీరు గమనించిన చదువు మీదే పూరణ ఉండాలి. పురాణాల్లోకి పారిపోవద్దు. హనుమంతుడు సూర్యుడి వెంట పరుగెడుతూ చదువుకున్నాడని ఎవరో ఒకరు పంపుతారని తెలుసు, అందుకే ముందే చెబుతున్నా.

మియాపూర్ మాస్టారు:
కోఠిలోఁ గొని పొత్తముఁ గూరుచుండి
కునుకు తీసెను మెట్రోనఁ, గొంగవోలె
నున్న ప్రక్కవాఁ డటు వంగెఁ, గొన్నవాఁడు
చదువకుండనే చదివెఁ బుస్తకము నతఁడు.

ఆయనెవరో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో ఎక్కారు. చేతిలో పాత పుస్తకం, అట్ట లోపల పెన్సిలుతో వేసిన ధర కూడా చెరపలేదు. నాంపల్లి రాకముందే నిద్రలోకి జారుకున్నారు. పుస్తకం తెరిచినచోటే ఒళ్లో ఉండిపోయింది. పక్కన నిలబడ్డ కుర్రాడు అమీర్‌పేట దాకా ఆ రెండు పేజీలే చదివాడు. మూడో పేజీ తిప్పే హక్కు లేదు కదా పాపం!

నిర్వాహకుడు:
మాస్టారూ, తాళంచెవి సరిగ్గా దొరికింది మీకు. ‘చదువకుండనే’కు కర్త ఒకడు, ‘చదివె’కు కర్త ఇంకొకడు. ఒక్క మాట మార్చకుండా విరోధం విడిపోయింది.

పెద్దాపురం పద్యప్రియ:
పూరణ బాగుంది గానీ దూరాన్వయం ఉందండీ. కొని, కూర్చుండి, కునుకు తీసింది ఎవరో మూడో పాదం చివరిదాకా తెలియదు. ఈలోగా కొంగ వచ్చేసింది.

మియాపూర్ మాస్టారు:
నిద్రపోయేవాడు కర్తగా ఆలస్యంగా లేవడం న్యాయమే కదమ్మా.

సీతాఫల్‌మండి శ్రోత:
చెవినిఁ బెట్టిన బొడిపెలు చెప్పుచుండఁ
ద్రోపులాటలఁ గనుమూసి తూలికొనుచుఁ
గథను వినె నొక్క యువకుండు, కంటితోడ
చదువకుండనే చదివెఁ బుస్తకము నతఁడు.

సాయంత్రం ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్‌లో పుస్తకం తెరవాలంటే మోచేతులకు చోటుండాలి. చెవికి ఆ బాధ లేదు.

నిర్వాహకుడు:
‘కంటితోడ’ దగ్గర చిక్కుంది. ‘తోడన్’ ద్రుతాంతం, అంటే చివర నకారమున్న మాట. దాని తర్వాత ‘చదువ’ వస్తే ‘కంటితోడఁ జదువ’ అవుతుంది. జకారమైనా యతి చెడదు, కానీ ఇచ్చిన సమస్య మారిపోతుంది. ‘కనులు విప్పి’ అనండి. ‘విప్పి’ క్త్వార్థకం (భూతకాల అసమాపక క్రియ), చివర నకారం లేదు కాబట్టి చకారం చెక్కుచెదరదు.

పెద్దాపురం పద్యప్రియ:
వినడం చదవడమెలా అవుతుంది? విన్నాడు అంతే.

సీతాఫల్‌మండి శ్రోత:
మా ముత్తవ్వకి అక్షరం రాదు. పురాణ కాలక్షేపంలో విని విని, భారతంలో ఏ పర్వం తర్వాత ఏదో, ఎవరి శాపం ఎవరికి తగిలిందో చెప్పేది. ఆవిడకి భారతం తెలియదని మీరు అంటే అనండి, నేననను. సవరణకు ధన్యవాదాలు నిర్వాహకుడుగారూ, ‘కనులు విప్పి’యే ఉంచుతున్నాను.

నిర్వాహకుడు:
బ్రెయిలీ మీద కూడా కొన్ని వచ్చాయి. వాటిలో నడక బాగున్నది ఇది:

చుక్క లాఱింటిఁ దడవుచుఁ జూపు లేని
వేలి మొనలందుఁ గన్నులు వెలయ నొకఁడు
రేయి రైలున మురిసెను రెప్ప విచ్చి
చదువకుండనే చదివెఁ బుస్తకము నతఁడు.

ఆరు చుక్కల గడిని మొదటి పాదంలోనే పట్టుకొచ్చినందుకు మెచ్చుకోవాలి. బోగీలో దీపం ఆరిపోయినా ఆగని చదువు అది. అయినా నాకొక అభ్యంతరముంది. వేలితో చదివినా అది చదువే. ‘చదవకుండా’ అనడం ఆ చదువరిని తక్కువ చేసినట్టు కాదా? ‘రెప్ప విచ్చి’ అన్న రెండు మాటలే దీన్ని కాపాడుతున్నాయి.

చిక్కడపల్లి లైబ్రరీ:
అట్ట చూచినఁ జాలదా యతని గోడు!
గ్రూపు కొలువుకై యేండ్లుగాఁ గూరుచున్న
గుట్టు తెలిసెను జెంతవాఁ డట్ట విప్పి
చదువకుండనే చదివెఁ బుస్తకము నతఁడు.

మా స్టేషన్లో ఎక్కేవాళ్లలో సగం అశోక్‌నగర్ కోచింగువాళ్లు, సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా కూర్చుని వచ్చేవాళ్లు. 2020లో జేబీఎస్, ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ల మధ్య మెట్రో లైను తెరిచాక ఆ చదువు మెట్రో ఎక్కింది. ఒకమ్మాయి చేతిలో తెలంగాణ చరిత్ర పుస్తకం చూశాను. లావు పుస్తకాన్ని వెన్ను దగ్గర కోసి మూడు ముక్కలు చేసి, ఒక్కోదానికి విడిగా స్పైరల్ బైండింగ్ చేయించుకుంది. ఆ రోజుకు కావలసిన ముక్కే తెచ్చుకుంటుందన్నమాట. శాతవాహనుల పేజీ అంతా పసుపు రంగే. అన్నీ ముఖ్యమని గీసేస్తే ఇక ఏది ముఖ్యమో!

నిర్వాహకుడు:
ఉకారంతో ముగిసే మాట మీద ‘నకు’ రావాలి, ‘కొలువునకై’ అనాలి. అలా అంటే గణం విరుగుతుంది. వాడుకలో ఉన్న రూపం కాబట్టి నేను పట్టుబట్టను, మరొకరు పడితే అడ్డురాను. ‘అట్ట’ రెండుసార్లు పడిందని అనుకున్నా గానీ, మొదటి పాదంలో అట్ట చూశాడు, మూడో పాదంలో అట్ట విప్పలేదు. రెండూ కావాలి. గుట్టు, అట్ట అని రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి ఇంపుగా ఉంది. అయితే మీరు కింద రాసిన స్పైరల్ బైండింగ్ పద్యంలోకి ఎందుకు రాలేదు? ‘ఏండ్లుగాఁ గూరుచున్న’ అని ఎవరైనా అంటారు. పుస్తకాన్ని మూడు ముక్కలు చేయడం మీరొక్కరే చూశారు.

పెద్దాపురం పద్యప్రియ:
నాకు వేరే సందేహం. పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగిచూడటం మర్యాదేనా? ఆడపిల్లల ఫోన్లోకి చూసి ఇలా పద్యం రాస్తే ఊరుకుంటారా?

చిక్కడపల్లి లైబ్రరీ:
ఫోన్ వేరు, పుస్తకం వేరండీ. అట్ట లోకానికి చూపించడానికే ఉంటుంది. ఫోన్లో ఉత్తరాలుంటాయి, బ్యాంకు లెక్కలుంటాయి. నేను ఫోన్ కనబడితే కిటికీ వైపు తిరుగుతాను.

కొత్తగా చేరినవాడు:
నా మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి.

పక్క సీటులో ఫోనులో పాట చూసి
నేటి యువకుఁడు పేపరు నాపివేసి
వాట్సపందున వచ్చిన వార్త నమ్మి
చదువకుండనే చదివెఁ బుస్తకము నతఁడు.

నిర్వాహకుడు:
రండి రండి. గణాలు నాలుగు పాదాల్లోనూ తప్పలేదు, మొదటి పూరణకు అది చిన్న సంగతి కాదు. రెండో పాదంలో యతి తప్పింది. ‘నే’కు ‘నా’ చెల్లదు. హల్లు కలిసింది గానీ అచ్చు కలవలేదు. ఏకారానికి ఇ, ఈ, ఎ, ఏలలో ఒకటి కావాలి. ‘పేపరు నెత్తకుండ’ అంటే సరిపోతుంది. ‘చూసి’ని ‘చూచి’ చేయండి. సంధులు నెమ్మదిగా చూద్దాం.

అసలు లోపం యతి కాదు. ఇందులో పుస్తకమేది? పాట, పేపరు, వార్త అయ్యాక నాలుగో పాదంలో పుస్తకం ఎక్కణ్నుంచో ఊడిపడింది. ‘నేటి యువకుఁడు’ అని మొదలుపెట్టగానే చూడటం మానేసి తిట్టడం మొదలవుతుంది. ఈ వారం నాకు వచ్చిన ఫోన్ పద్యాలన్నీ ఇలాగే ఉన్నాయి, మీరొక్కరే కాదు. ఫోన్ పట్టుకున్న మనిషి ఏం చదువుతున్నాడో ఒక్కరైనా చూశారా?

మియాపూర్ మాస్టారు:
బాబూ, బెంగపడకు. నా మొదటి పూరణకు మా గురువుగారు ‘కాగితం బాగుంది’ అన్నారు.

కొత్తగా చేరినవాడు:
ఇవాళ రాత్రి మళ్లీ రాశాను. మన మెట్రో అంతా పైవంతెన మీదే కాబట్టి పగలు కిటికీలోంచి ఊరు కనబడుతుంది. చీకటి పడితే మాత్రం బోగీ లోపలే అద్దంలో కనబడుతుంది. నా ముందు నిలబడ్డ పెద్దాయన ఫోన్ అద్దంలో పడింది. అక్షరాలన్నీ ఎడమ కుడి అయిపోయాయి. తెలుగని తెలుస్తోంది, ఏముందో తెలియడం లేదు. కానీ ఆయన పైకి జరుపుతున్న కొద్దీ నాలుగేసి పాదాలు, ప్రతి నాలుగో పాదం చివర అదే ఆకారం. శతకం!

కిటికి యద్దాన నెవరిదో గీతి మెఱయఁ
దిరుగఁబడె నక్షరమ్ములు తెలియకుండ;
మరల మరల నొక్కటె తోఁక: మకుట మెఱిఁగి
చదువకుండనే చదివెఁ బుస్తకము నతఁడు.

నిర్వాహకుడు:
ఈ వారానికి నా ఓటు దీనికే. కి-గీ, ది-తె, మ-మ, యతులన్నీ కుదిరాయి. ‘మెఱయఁ దిరుగఁబడె’ అని ద్రుతసంధి కూడా చేశారు, నిన్న ఫోనులో పాట చూసినవారు మీరేనా? మకుటాన్ని తోక అనడం కొందరికి మింగుడుపడదు. మకుటమంటే కిరీటం, అది పద్యానికి కాళ్ల దగ్గర ఉండటమే వింత, అద్దంలో తిరగబడ్డప్పుడు తోక అంటే తప్పేముంది?

పెద్దాపురం పద్యప్రియ:
తప్పుంది. అద్దం కుడి ఎడమలను తిప్పుతుంది గానీ కింద మీదలను తిప్పదు.

మియాపూర్ మాస్టారు:
అమ్మా, మీరు ఫిజిక్స్ చెప్పేవారా?

పెద్దాపురం పద్యప్రియ:
ముప్ఫై ఏళ్లు. పద్యం మాత్రం చాలా బాగుంది.

నిర్వాహకుడు:
వచ్చే వారానికి ఆటవెలది పాదం: ‘దిగినవాఁడె రైలు దిగకయుండె’. సందర్భం ఇదే, హనుమంతుడికి ప్రవేశం ఈసారీ లేదు.