అమెరికాలో ఫుడ్ స్టాంపుల మీద రాజీ: 2023లో "వద్దు" అన్న 46 మంది డెమోక్రాట్లదే రైటా?

పద్దుల పంతులు

అప్పటి అధ్యక్షుడు బైడెన్, హౌస్ స్పీకర్ మెకార్తీ 2023లో కుదుర్చుకున్న రుణ పరిమితి (ప్రభుత్వం ఎంతవరకు అప్పు చేయొచ్చన్న హద్దు) ఒప్పందాన్ని "పేదల నోటికాడ కూడు లాగేశారు" అని ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు. తిట్టేముందు లెక్క చూడండి.

ఆ ఏప్రిల్‌లో రిపబ్లికన్లు హౌస్‌లో 217–215తో నెగ్గించుకున్న బిల్లులో ఏముంది? మెడికెయిడ్‌కి (పేదల ఆరోగ్య బీమా) పని షరతు. స్నాప్‌లో (పేదలకి తిండి కోసం నెలనెలా ఇచ్చే సాయం, మనం ఇంకా ఫుడ్ స్టాంపులనే అంటాం) పిల్లలు లేని, పని చేయగలిగిన పెద్దవాళ్ల పని షరతుకి వయసు హద్దు 49 నుంచి 55 ఏళ్లకి పెంపు. ఇంకో పక్క, జూన్ 5 నాటికి ఖజానా ఖాళీ అని అప్పటి ఆర్థిక మంత్రి యెలెన్ చెప్పేసింది.

చివరికి చట్టంలో ఏముంది? మెడికెయిడ్ జోలికి పోలేదు. వయసు 54 దగ్గర ఆగింది. ఇల్లు లేనివాళ్లకి, మాజీ సైనికులకి, ఫాస్టర్ కేర్ (కన్నవాళ్ల దగ్గర కాక ప్రభుత్వ సంరక్షణలో పెరగడం) నుంచి బయటికొచ్చిన 24 ఏళ్ల వరకు వాళ్లకి కొత్తగా మినహాయింపు వచ్చింది. వయసు పెంపు, మినహాయింపులు రెండూ 2030 అక్టోబరుతో ముగుస్తాయని కూడా రాశారు. సీబీవో (కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు) లెక్క ప్రకారం నికరంగా స్నాప్‌లో నెలకి సగటున 78,000 మంది పెరుగుతారు, పదేళ్లలో ఖర్చు 2.1 బిలియన్ డాలర్లు పెరుగుతుంది. దీన్ని కోత అని ఎలా అంటారు?

హౌస్‌లో 314–117తో నెగ్గింది. "వద్దు" అన్న ఆ 117లో డెమోక్రాట్లు 46 మంది. సెనేట్‌లో వాళ్ల పక్షం నుంచి "వద్దు" అన్నది శాండర్స్, వారెన్, మార్కీ, మెర్క్‌లీ, ఫెటర్‌మన్. వీళ్లు దేన్ని వ్యతిరేకించినట్టు?

తోకచుక్క

చిన్న సవరణ. 54 ఒక్కసారే రాలేదు. 2023 సెప్టెంబరు 1న 50 ఏళ్ల వాళ్లని కలిపారు, అక్టోబరు 1న 52 వరకు, 2024 అక్టోబరు 1న 54 వరకు. 54 అంటే 55వ పుట్టినరోజు ముందురోజు దాకా.

సీతమ్మధార

పంతులుగారూ, మీ లెక్కలో రెండు సంగతులు జారిపోయాయి.

ఒకటి. అదే చట్టం రాష్ట్రాల చేతిలో ఉన్న విచక్షణ మినహాయింపులకి కత్తెర వేసింది. అంతకుముందు ఈ షరతు కిందికొచ్చే వాళ్లలో 12 శాతానికి సరిపడా మినహాయింపులు రాష్ట్రాలు తమ ఇష్టప్రకారం ఇచ్చుకోవచ్చు. దాన్ని 8కి తగ్గించి, వాడనివి ఏళ్ల తరబడి పోగేసుకునే వీలు కూడా తీసేశారు. ఏ కేటగిరీలోనూ ఇమడని మనిషిని కాపాడటానికి కేస్ వర్కర్ దగ్గర మిగిలింది అదొక్కటే.

రెండోదే అసలు సంగతి. వయసు కంప్యూటర్‌కి తెలుసు. 50 నిండిందా, షరతు దానంతటదే తగులుకుంటుంది. ఇల్లు లేదన్న సంగతి మాత్రం ఎవరో ఒకరు అడిగితేనే ఫైలుకెక్కుతుంది. దరఖాస్తులో ఆ ప్రశ్న ఉండాలి, ఫోన్ ఇంటర్వ్యూలో అవతలి మనిషి అడగాలి, ఈ మనిషి "బంధువుల సోఫా మీద పడుకుంటున్నా" అంటే అది కూడా ఇల్లు లేకపోవడం కిందికే వస్తుందని ఆ గుమస్తాకి తెలిసుండాలి. 78,000 కాగితం మీద అంచనా. కోత మర చేసే పని, మినహాయింపు మనిషి చేయాల్సిన పని. రెండూ ఒకే వేగంతో నడుస్తాయా?

పైగా సమయం చూడండి. పని షరతు తీరనివాళ్లకి 36 నెలల్లో మూడు నెలలే సాయం; కోవిడ్ అత్యవసర స్థితి కారణంగా ఆ మూడు నెలల గడియారం 2023 జూన్ ఆఖరు దాకా ఆగి ఉంది. జులైలో మళ్లీ తిరగడం మొదలైంది, సెప్టెంబరులో 50 ఏళ్ల వాళ్లొచ్చారు, అక్టోబరులో 52. మూణ్ణెల్లలో మూడు మార్పులు. మినహాయింపుల సంగతి ఆఫీసుల్లో వాళ్లకే సరిగ్గా తెలియకముందే గడియారం నడిచింది.

క్యూలో ఉన్నవాణ్ణి

ఇదంతా సరే. హెచ్‌వన్ మీద ఉన్నవాడు ఏళ్ల తరబడి పన్నులు కడతాడు. వాడి ఉద్యోగం పోతే 60 రోజుల్లో మూట సర్దుకోవాలి, ఫుడ్ స్టాంపుల మాట దేవుడెరుగు. మన డబ్బుతో ఎవరికో పెడుతూ మనమే ఏడవాలా?

పాలమూరు పోరడు

అన్నా, ఇక్కడ రేషన్ కార్డుకు ఈకేవైసీ చేయించకపోతే పేరు పోతదని లైన్లల్ల నిలబడుతున్నరు. ఉపాధి హామీల ఆధార్ లింకు కాకపోతే చేసిన పనికే పైసల్ రావు. ఊరు వేరే, ముచ్చట ఒక్కటే.

సీతమ్మధార

క్యూలో ఉన్నవారికి: మీ కోపం న్యాయమైనదే, కాకపోతే దాని మూలం కూడా ఒక రాజీలోనే ఉంది. తాత్కాలిక వీసాల వాళ్లకి ఫుడ్ స్టాంపులు అంతకుముందు నుంచే లేవు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి మాత్రం ఉండేవి. 1996 ఆగస్టు 22న క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ చట్టం వాళ్లలోనూ చాలామందిని తోసేసింది. తర్వాత 2002 చట్టంలో 18 ఏళ్ల లోపు పిల్లలకి వెంటనే, పెద్దవాళ్లకి అయిదేళ్లు ఆగాక తిరిగిచ్చారు. ఇండియా నుంచి తెచ్చుకున్న అమ్మానాన్నలు గ్రీన్‌కార్డు వచ్చాక అయిదేళ్లు ఆగాలనే లెక్క అక్కడిది.

మనం మాట్లాడుకుంటున్న "36 నెలల్లో మూడు నెలలు" అనే నిబంధన పుట్టింది కూడా ఆ చట్టంలోనే. అప్పుడూ క్లింటన్ వైపువాళ్లు "ఇంతకన్నా ఘోరమైన బిల్లులు రెండు వీటో చేశాం, ఇది నయం" అన్నారు. క్లింటన్ ప్రభుత్వంలో అధికారి పీటర్ ఎడెల్‌మన్ లాంటి వాళ్లు పదవి వదిలేసి బయటికొచ్చారు.

పద్దుల పంతులు

1996 దాకా వెళ్లారు, సంతోషం. 2023కి రండి.

ఆ 46 మంది "వద్దు" అనగలిగారంటే మిగతా 165 మంది డెమోక్రాట్లు "సరే" అన్నారు కాబట్టి. ఆ 165 మంది కూడా నీతి పట్టుకుని కూర్చుంటే బిల్లు పడిపోయేది, ఖజానా చెల్లింపులు ఆగేవి. సోషల్ సెక్యూరిటీ చెక్కులు కూడా అందులోంచే కదా పోయేది! ఇంకొకడు బరువు మోస్తుంటే పక్కన నడుస్తూ "నా చేతులకి మట్టి అంటలేదు" అనడం సులువు. దాన్ని ప్రతిఘటన అనకండి.

సీతమ్మధార

బిల్లు ఎలాగూ నెగ్గుతుందని తెలిసే "వద్దు" అన్నారు, నిజమే. ఓటు ఆ పూట ఫలితం కోసమే వేయరు, తర్వాతి బేరానికి గీత ఎక్కడుందో చెప్పడానికి కూడా వేస్తారు. అసలు రుణ పరిమితిని ఆహారం మీద బేరానికి పెట్టడాన్నే ఒప్పుకోకూడదన్నది వాళ్ల మాట.

ఆ తర్వాత ఏమైందో మీరు ఒక్క ముక్క రాయలేదు. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం చూడండి. వయసు 54 నుంచి 64కి పోయింది. 14 ఏళ్లు, ఆపైబడిన పిల్లలున్న తల్లిదండ్రులు కూడా షరతు కిందికొచ్చారు. మీరు గొప్పగా చెప్పిన మూడు మినహాయింపులూ (ఇల్లు లేనివాళ్లు, మాజీ సైనికులు, ఫాస్టర్ కేర్ పిల్లలు) ఎగిరిపోయాయి. 2030 గడువు కూడా గాలికిపోయింది. అంటే ఒప్పందంలో మనం ఇచ్చింది నిలబడింది, ఇంకా పెరిగింది. పుచ్చుకున్నది రెండేళ్లకే మాయం.

ఇంకో చేదు సంగతి. 2023లో ఆ మినహాయింపులని ఖర్చు కింద రాశారు కదా? 2025లో వాటిని తీసేస్తే అది "పొదుపు" కింద లెక్కకొచ్చింది. స్నాప్‌లో మొత్తం సుమారు 186 బిలియన్ల కోతలో అదీ ఒక ముక్క. ఆ పొదుపుతో పూడ్చింది పన్ను రాయితీల గుంటని.

తోకచుక్క

64 అంటే 65 నిండేదాకా. 14 ఏళ్ల పిల్లలు అన్నది స్నాప్‌కి. అదే చట్టం మెడికెయిడ్‌కి పెట్టిన పని షరతులో తల్లిదండ్రుల మినహాయింపు పిల్లలకి 13 ఏళ్ల వరకు, రెండూ దాదాపు ఒకటే కానీ చట్టంలో భాష వేరు. కలిపి రాయకండి.

సీతమ్మధార

నేను కలపలేదు తోకచుక్కా.

పద్దుల పంతులు

అమ్మా, 2025 చట్టానికి 2023 ఒప్పందం కారణమా? సెనేట్‌లో 50–50 అయితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కింది. హౌస్‌లో 218–214. రీకన్సిలియేషన్ (సెనేట్‌లో సాధారణ మెజారిటీ చాలే బడ్జెట్ బిల్లుల పద్ధతి) దారిలో వెళ్లారు, అరవై ఓట్ల గొడవే లేదు. 2023లో ఒక్క అక్షరం రాజీ పడకపోయినా 2025లో ఇదే జరిగేది. ఓడింది 2024 నవంబరు ఎన్నికల్లో. దాన్ని తెచ్చి ఒప్పందం నెత్తిన రుద్దితే ఎలా?

మీలాంటి వాళ్ల పట్టుదల ఎప్పుడూ ఇంతే. ఒక్క మెట్టు దిగరు, మేడ మొత్తం కూలాక "చెప్పామా" అంటారు.

సీతమ్మధార

"మీలాంటి వాళ్లు" అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఒక్క మెట్టు దిగేది ఎవరు? సెనేటర్ దిగడు, ఆయన ఫుడ్ స్టాంపుల మీద లేడు. 52 ఏళ్ల హోటల్ పనిమనిషిని దింపి, "మేం రాజీ పడ్డాం" అని మీరు చెప్పుకుంటారు. ఆ "మేం"లో ఆవిడ ఉందా?

పాలమూరు పోరడు

గట్టిగ తగిలింది.

పద్దుల పంతులు

తగలడం సరే. నేనూ దాపరికం లేకుండా అడుగుతా. పిల్లలు లేరు, వైకల్యం లేదు, చెయ్యీ కాలూ ఆడుతోంది. అలాంటి మనిషిని వారానికి 20 గంటలు పని చెయ్యమని, పని దొరక్కపోతే శిక్షణకి రమ్మని అడగడం పాపమా? ఓటరు ఒప్పుకునే పథకమే పదికాలాలు నిలబడుతుంది. షరతు లేకుండా ఇస్తే పథకం మీదే జనానికి వెగటు పుడుతుంది. అందుకే ఆ షరతు నాకు పెద్ద అభ్యంతరం కాదు. రాసేశా, తిట్టుకోండి.

సీతమ్మధార

తిట్టను. మొదటి పోస్టులోనే ఇది రాసుంటే ఇంతసేపు సీబీవో లెక్కల చుట్టూ తిరిగేవాళ్లం కాదు. మీకు ఆ షరతు నష్టం కింద అనిపించదు, అందుకే రాజీ చవగ్గా కనిపించింది.

ఇక పని సంగతి. కావాల్సింది నెలకి 80 గంటలు. రెస్టారెంట్‌లోనో గోదాములోనో గంటల లెక్కన పనిచేసే మనిషికి ఒక వారం 28 గంటలు పడతాయి, ఇంకో వారం 9. షిఫ్టు బోర్డు రాసేది మేనేజరు. ఆ నెలలో 71 గంటలు తేలితే, ఆ మనిషి పని చేయలేదనే లెక్క. ఒక నెల పోయింది. మూడేళ్లలో అలాంటివి మూడు నెలలైతే స్నాప్ కార్డు ఆగిపోతుంది. ఆ మనిషి సోమరా?

పే స్టబ్ (జీతం రసీదు) పంపితే అది చేరాలి, స్కాన్ కావాలి, సరైన ఫైలులో పడాలి. నగదు కూలి అయితే యజమాని సంతకం కావాలి, అతను పెట్టడు. ఆర్కన్సాలో 2018లో మెడికెయిడ్‌కి ఇదే 80 గంటల షరతు పెట్టారు. నెలనెలా ఆన్‌లైన్‌లోనే చెప్పుకోవాలన్నారు, ఆ పోర్టల్‌ని రాత్రి 9 నుంచి పొద్దున 7 దాకా మూసేసేవారు. కొద్ది నెలల్లో 18,000 మందికి పైగా బీమా పోయింది. 2019 మార్చిలో కోర్టు ఆపింది. 2025 చట్టం ప్రకారం అలాంటి షరతే 2027 జనవరి 1కల్లా మెడికెయిడ్‌ని విస్తరించిన రాష్ట్రాల్లో.

శిక్షణకి రమ్మనడం మంచిదే, కానీ అందరికీ శిక్షణలో చోటు చూపించాలని చట్టం ఏ రాష్ట్రాన్నీ కట్టడి చేయలేదు. చోటు లేకపోయినా గడియారం ఆగదు.

పద్దుల పంతులు

అమలు లోపాలు ఒప్పుకుంటా. అమలు బాగు చెయ్యమనండి, షరతు తీసెయ్యమనకండి.

సీతమ్మధార

బాగు చేసేవాడికి జీతం ఎవరిస్తారు? 2025 చట్టం ప్రకారం పాలనా ఖర్చులో రాష్ట్రాల వాటా 2026 ఆర్థిక సంవత్సరం దాకా సగం, 2027 ఆర్థిక సంవత్సరం నుంచి 75 శాతం. 2028 నుంచి చెల్లింపుల్లో తప్పుల శాతం 6 దాటితే స్నాప్ సొమ్ములో కూడా రాష్ట్రం 5 శాతం మొయ్యాలి, 8 దాటితే 10, 10 దాటితే 15. తప్పు దొరికితే తన రాష్ట్రానికి జరిమానా పడే గుమస్తా అనుమానం వచ్చిన ఫైలుని ఉంచుతాడా, మూసేస్తాడా? అర్హుణ్ణి తోసేస్తే ఆ శాతంలో పడదు. ఆ లెక్క ఉంచాల్సినవాణ్ణి ఉంచిందా అని అడగదు, ఇచ్చినవాళ్లకి సరిగ్గా ఇచ్చిందా అని మాత్రమే అడుగుతుంది.

తోకచుక్క

ఈ పాయింటు కరెక్ట్. ఉంచినవాళ్లకి తక్కువ ఇచ్చినా తప్పుగానే లెక్క. పూర్తిగా తోసేసినదాన్ని విడిగా కొలుస్తారు, దానికి ఈ జరిమానా లేదు.

క్యూలో ఉన్నవాణ్ణి

ఒక ప్రశ్న. తెలిసినవాళ్లకి సిటిజన్‌షిప్ వచ్చింది, వయసు 61, పార్ట్‌టైమ్. కార్డు ఆగకుండా ఏం చెయ్యాలి?

సీతమ్మధార

మూడు చూడమనండి. ఒకటి, మోకాళ్లో నడుమో షుగరో, పని చేయలేని స్థితి ఏదైనా ఉంటే డాక్టరుతోనో నర్సుతోనో ఒక కాగితం రాయించుకోవాలి. వైకల్యం పెన్షన్ ఉండాల్సిన అవసరం లేదు, "పనికి తగరు" అన్న మాట చాలు. రెండు, జీతం లేని పని, స్వచ్ఛంద సేవ కూడా 80 గంటల్లో కలుస్తాయి. గుళ్లోనో ఫుడ్ బ్యాంకులోనో చేస్తే తేదీ, గంటలు రాసి సంతకం పెట్టించుకుని ఆ నెలలోనే పంపాలి. మూడు, నెల మధ్యలో దరఖాస్తు పెట్టి సగం సొమ్ము వస్తే ఆ నెల మూడు నెలల లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చిందని నోటీసులో రాస్తే ఫెయిర్ హియరింగ్ (అప్పీలు విచారణ) అడగమనండి.

పద్దుల పంతులు

వర్క్‌ఫేర్ (సాయానికి బదులుగా పని చేసే పద్ధతి) కూడా చెప్పండి. ఆ స్కీము ఉన్న కౌంటీల్లో వచ్చే సొమ్ముని కనీస కూలితో భాగించినన్ని గంటలు చేస్తే చాలు. నెలకి 292 డాలర్లు వస్తూ, కనీస కూలి 7.25 ఉన్నచోటైతే 40 గంటలు. ఎనభై అక్కర్లేదు.

తోకచుక్క

292 అన్నది 2025 సెప్టెంబరు దాకా ఒక్కరికి గరిష్ఠం. 2025 అక్టోబరులో 298 అయింది. అది 41 గంటలు.