పులి పద్యంలో మేకా, మేడా?

అడయారు అమ్మ: మా అమ్మాయి ‘వెన్ డిడ్ యు కేమ్’ అంటుంటే సరిదిద్దుదామని ఇంగ్లీషు కవి బ్లేక్ పులి మీద రాసిన పద్యం ఎత్తుకున్నాను. ‘గొర్రెపిల్లను చేసినవాడే నిన్నూ చేశాడా’ అని పులినడిగే చోట, ‘డిడ్ హీ హూ మేడ్ ద లాంబ్’ దాకా వచ్చి ఆగిపోయాను. ఆపైన ‘మేక్ దీ’ అనాలా, ‘మేడ్ దీ’ అనాలా? రెండూ ఒక్క అక్షరమే, నడక చూసి తేల్చుకుందామన్నా కుదరట్లేదు.

పెరంబూరు మాస్టారు: మేకే. డిడ్ వచ్చిందంటే భూతకాలం బరువంతా దానిదే, అసలు క్రియ ధాతువుగా మిగులుతుంది. ‘హూ మేడ్’ లోపలి వాక్యం, దాని కాలం దానిది.

టి.నగర్ తెలుగు: అంత సులువైతే అదే పద్యంలో పైన ‘బర్న్‌ట్ ద ఫైర్ ఆఫ్ థైన్ ఐస్?’ అని ఎందుకడిగాడు? డిడ్ ఊసే లేదు, క్రియే కర్త కన్నా ముందుకొచ్చి కూర్చుంది. 1794లో కూడా కవులకు ఆ పాత దారి తెరిచే ఉంది.

పెరంబూరు మాస్టారు: ఉంటే ఉంది. ఆ దారిలో వెళ్తే డిడ్ ఉండదు, డిడ్ పెడితే మేడ్ ఉండదు.

వేళచ్చేరి: మనకిది కొత్తా? వచ్చాడు, కానీ రాలేదు. ‘వచ్చలేదు’ అంటామా? తమిళంలో వరవిల్లై, కన్నడంలో బరలిల్ల, అన్నీ ఇదే తంతు. అమ్మాయికి ఇలా చెప్పి చూడండి.

టి.నగర్ తెలుగు: వినడానికి బాగుంది, అతకదు. డిడ్‌లో భూతకాలం ఉంది. లేదులో ఏదీ? ‘ఇంట్లో ఉప్పు లేదు’ అంటే ఇప్పటి సంగతే. ‘రా’లోనూ కాలం లేదు. రెండూ కలిస్తే నిన్నటి మాట ఎలా అయింది?

పెరంబూరు మాస్టారు: అసలు తిరకాసు చివరి ‘దు’ దగ్గరుంది. మగవాడైతే రాలేదు, రాలేడు విడివిడిగా వినిపిస్తాయి. ‘ఆమె రాలేదు’ అంటే మాత్రం రాకపోవడమా, రాలేకపోవడమా? 1852లో మన మద్రాసులోనే అచ్చయిన బ్రౌన్ నిఘంటువు ఇంట్లో ఉంది, రాత్రికి తిరగేస్తాను.

వేళచ్చేరి: బ్రౌన్ దాకా ఎందుకండీ, మా ఆవిడ ఫోన్‌లో ఆ మాటంటే గొంతును బట్టే తెలిసిపోతుంది.

అడయారు అమ్మ: మీరింకా పులి దగ్గరే ఉన్నారు. మా అమ్మాయి ఇప్పుడు ‘హూ డిడ్ కేమ్?’ అంటోంది.

పెరంబూరు మాస్టారు: అక్కడ హూనే కర్త, డిడ్‌తో పనిలేదు. ‘హూ కేమ్?’ చాలు.

టి.నగర్ తెలుగు: ‘హూ డిడ్ కమ్?’ కూడా ఉంది మాస్టారూ. ఊరంతా పిలిస్తే ఇద్దరే వచ్చారనుకోండి, ‘సరే, ఇంతకీ వచ్చిందెవరు?’ అని నొక్కి అడగాలంటే అదే కావాలి.