అప్‌డేట్: పులిహోర తిన్నాక సీలియాక్ పాపకు కడుపునొప్పి, కారణం దొరికింది

సీలియాక్ (గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు) ఉన్న మా పాప చుట్టాలింట్లో పులిహోర తిన్నాక కడుపు ఉబ్బరం, విరేచనాలతో నీరసపడిపోయిందని, ఉపశమనానికి ఏం చేయాలని ఇక్కడ అడిగాను. ఇప్పుడు బాగుంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసింది ఓఆర్‌ఎస్. గ్లాసుతో ఇస్తే కక్కేసింది, చెంచాతో కొంచెం కొంచెంగా పడితే నిలిచింది. తర్వాత గంజి, మెత్తటి అన్నం. పాలు మాత్రం కొన్నాళ్లు ఆపమన్నారు గ్యాస్ట్రో డాక్టర్. లోపలికి వెళ్లిన గ్లూటెన్‌ను బయటికి లాగే మందేదీ లేదని, బొగ్గు మాత్రలు, ఎంజైమ్ మాత్రలు అనవసరమని తేల్చేశారు (కొన్న డబ్బా సీలు తీయకుండా అలాగే ఉంది). మలంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకురమ్మన్నారు.

మీలో చాలామంది నూనెను అనుమానించారు. అసలు దొంగ ఇంగువ! వాళ్ల డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ‘గోధుమ పిండి’ అని ఉంది. ముద్ద ఇంగువ ఘాటు తగ్గించి పొడిగా చేయడానికి ఏదో ఒక పిండి కలుపుతారు, చాలా బ్రాండ్లలో అది గోధుమో మైదానో. మేమైతే బియ్యప్పిండి కలిపిన, గ్లూటెన్ ఫ్రీ అని రాసున్న ఇంగువే వాడుతున్నాం. పోపు ఘుమఘుమలో తేడా ఏమీ లేదు.