బ్లిట్జ్‌లో పైకి రావాలంటే పజిళ్లా, ఆటలా?

మధ్యబంటు
రెండేళ్లుగా లిచెస్ అనే చదరంగం సైట్లో 3+0 బ్లిట్జ్ (ఆట మొత్తానికి ఒక్కొక్కరికి మూడు నిమిషాలే) ఆడుతున్నాను. ఐదు వేల ఆటలు దాటాయి. రేటింగ్ 1600 దగ్గర మొదలైంది, ఇప్పటికీ అక్కడే ఉంది. మధ్యలో ఓ రాత్రి 1710 తాకి తెల్లారేసరికి దిగొచ్చింది. ఆడగా ఆడగా అదే వస్తుందనుకున్నా, రాలేదు. మా ఆఫీసులో ఒకతను ‘ఆటలు ఆపెయ్, రోజూ అరగంట ఫోర్క్‌ల (ఒకే పావుతో రెంటి మీద దాడి), పిన్‌ల (వెనక పెద్ద పావు ఉండి కదల్లేని పావు) పజిళ్లు మాత్రమే చెయ్యి’ అంటున్నాడు. అలా ఒక్కో అంశం పట్టుకుని సాధన చేసి బాగుపడినవాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా?

గుర్రపుడెక్క
నేనున్నా. లెక్క చూడండి: 3+0లో నలభై ఎత్తులు ఆడితే ఎత్తుకి నాలుగున్నర సెకన్లు. ఆ టైములో ఆలోచించేదేముంది, చూడగానే తట్టాలి. 1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు ఒక పరీక్ష పెట్టారు. నిజం ఆటలోని బోర్డుని ఐదు సెకన్లు చూపిస్తే మాస్టర్ చాలా పావుల్ని గుర్తుపెట్టుకుని తిరిగి పేర్చగలిగాడు. అవే పావుల్ని ఎలా పడితే అలా పెట్టి చూపిస్తే అతనూ దాదాపు మనలాంటివాడే. అంటే వాళ్లది గొప్ప జ్ఞాపకశక్తి కాదు, చూసి చూసి కంటికి అలవాటైన అమరికలు. నేను రెండొందల తేలిక పజిళ్లు ఎంచుకుని, ఒక్కోటి ఐదు సెకన్లలోపు తట్టేదాకా అవే మళ్లీ మళ్లీ చేశా. గుర్రం ఫోర్క్ ఇప్పుడు నా కన్ను దాటిపోదు.

శకటురావు
పజిల్ తెరవగానే ‘ఇక్కడేదో ఉంది’ అని మీకు ముందే తెలుసు. ఆటలో ఆ మాట ఎవరు చెప్తారండీ? గడియారంతో పోటీపడి పజిళ్లు తేల్చే పజిల్ స్టార్మ్‌లో నా స్కోరు 20 నుంచి 35కి వెళ్లింది, బ్లిట్జ్ రేటింగ్ ఉలకలేదు పలకలేదు. పైగా ఆ నెలంతా కనబడిన ప్రతిచోటా మంత్రిని బలివ్వాలనిపించేది! 15+10 (పదిహేను నిమిషాలు, పైన ఎత్తుకి పది సెకన్లు) ఆడండి. నిదానంగా సరిగ్గా ఆడలేనివాడు వేగంగా ఏం ఆడతాడు?

గుర్రపుడెక్క
ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకి 15+10 కుదరదు మాస్టారూ. ఇక ముందే తెలిసిపోతుందంటారా, అన్ని థీమ్‌లూ (పజిల్ రకాలు) కలిపి చెయ్యొచ్చు. ‘డిఫెన్సివ్ మూవ్’ థీమ్ కూడా ఉంది, అందులో గెలుపు కాదు, మునగకుండా ఉండటమే జవాబు.

అమ్మమ్మఎత్తు
నాడి చూడకుండానే ఇద్దరూ మందు రాసేస్తున్నారు. నేను చేసింది చెప్తా. ఓడిన ఆటలు యాభై తీసి, ఒక్కోటీ ఎందుకు ఓడానో నోటుబుక్కులో రాశా. 21 ఆటలు టైమ్ అయిపోయి పోయాయి. అందులో 14 ఆటల్లో బోర్డు మీద నాదే పైచేయి, లేదా సమానం! అన్నాళ్లూ నాకు టాక్టిక్స్ (ఫోర్క్ లాంటి ఎత్తుగడలు) రావని ఏడ్చాను.

అనాలిసిస్‌లో ఏ ఎత్తుకి ఎంత టైమ్ తిన్నామో కనిపిస్తుంది కదా, అది చూస్తే ఇంకా సిగ్గేసింది. ఎదుటివాళ్లు కారో-కాన్ అనే ఆరంభ ఎత్తుల వరస ఆడితే నేను ఇ5 గడికి బంటు తోస్తాను, వాళ్ల శకటు ఎఫ్5కి వస్తుంది. అంటే మూడో ఎత్తు! అక్కడ ప్రతిసారీ ఇరవై సెకన్లు. వందోసారి కూడా కొత్తగా చూసినట్టే. ఆ లైన్ ఒక్కటి పదో ఎత్తు దాకా నేర్చుకున్నా. చివర్లో రాజు, బంటు మిగిలితే ఎదురెదురుగా రాజుల్ని నిలబెట్టే ఆ కిటుకు ముప్పై సెకన్ల క్లాక్‌తో కంప్యూటర్ మీద రోజూ పది నిమిషాలు. ఆపైన 3+2కి మారాను. మూడు నెలల్లో 120 పాయింట్లు పెరిగాయి.

శకటురావు
3+2లో నలభై ఎత్తులకి 80 సెకన్లు అదనంగా వస్తాయి. పరీక్ష మార్చి పాసయ్యానంటే ఎలా? 3+0కీ దానికీ రేటింగ్ ఒకటే అయినా ఆట వేరు. అసలు కోనేరు హంపి గారిని చూడండి. పదిహేనేళ్లకే 2002లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, నిదానం ఆటలు ఆడే. ఆ పునాది మీదే 2019, 2024లో ప్రపంచ ర్యాపిడ్ (బ్లిట్జ్ కన్నా కాస్త నిదానం) టైటిళ్లు, 2022లో బ్లిట్జ్‌లో రజతం.

అమ్మమ్మఎత్తు
పరీక్ష మార్చానన్నది ఒప్పుకుంటా. హంపి మాట మాత్రం ఒప్పుకోను. ఆవిడకి చిన్నప్పటి నుంచీ తండ్రే కోచ్. పక్కన కూర్చుని తప్పు చూపించే మనిషి ఉన్నారు. మనకి ఆ మనిషి లేడు కాబట్టే నోటుబుక్కు.

మధ్యబంటు
నిన్న రాత్రి కూర్చుని ఓడిన ముప్పై ఆటలు చూశానండీ. టైమ్ వల్ల 9. ఊరికే పావు ఇచ్చేసినవి 13. మిగతావి కలగాపులగం. ఆ 13లో 11 రాత్రి పదకొండు దాటాక, అంతకుముందు ఆట ఓడిన కోపంలో రీమ్యాచ్ నొక్కినవి. దీనికి ఏ థీమ్ చెయ్యాలి?

గుర్రపుడెక్క
దానికి పజిల్ లేదు బ్రో. ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టు.

శకటురావు
పావు ఇచ్చేసేవాళ్లకి నిదానం ఆటే మందని నేను ఇప్పటికీ అంటాను. అయితే పదకొండు తర్వాత అదీ పనిచెయ్యదు.

మధ్యబంటు
సరే. వరసగా రెండు ఓడితే ఆపేస్తా, పగలు అరగంట ‘డిఫెన్సివ్ మూవ్’ చేస్తా. 3+0 మాత్రం మార్చను, లేకపోతే శకటురావు గారు ఒప్పుకోరు. నెల తర్వాత ఇక్కడే లెక్క పెడతాను.