జపాన్‌లో లిఫ్టు దగ్గర వీడ్కోలు: తలుపు మళ్లీ తెరుచుకుంటే ఏం చేయాలి?

జపాన్ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు చెప్పగలరు. మీటింగ్ అయ్యాక క్లయింట్లను లిఫ్టు దాకా సాగనంపి, నడుం వంచి వీడ్కోలు చెప్పాలి. ఎంత వంగాలో లెక్కుంది: దారిలో ఎదురుపడితే ఎషాకు అనే చిన్న వందనానికి 15 డిగ్రీలు, మర్యాద పలకరింపుకి కేయిరేయి 30, క్షమాపణకో గట్టి కృతజ్ఞతకో సాయికేయిరేయి 45. ఈ లెక్కలో ఇబ్బంది లేదు. ముందు మాట, ఆ తర్వాతే వంగడం, అదీ అలవాటే. చిక్కంతా తలుపుతోనే.

వాళ్లు లోపలికెళ్లి ఇటు తిరగగానే వంగితే తలుపు ఎంతకీ మూసుకోదు. నేను లేచేసరికి వాళ్లింకా వంగే ఉంటారు, దాంతో నేను మళ్లీ వంగడం, నన్ను చూసి వాళ్లూ వంగడం! తలుపు కదిలాక మొదలుపెడితే సగం వంగేలోపే మూసుకుపోతుంది. బయటి బటన్ నొక్కి పట్టుకుని, వదిలేసి వంగి చూశాను. చెయ్యి గోడ మీంచి వచ్చేసరికి ఆలస్యమవుతోంది, చేతులు సర్దుకోకుండా వంగితే చూడ్డానికి అస్సలు బాగోదు.

తలుపు పూర్తిగా పడేదాకా తల ఎత్తకూడదని తెలుసు. కానీ ఎవరో పరుగున వచ్చి బటన్ నొక్కడంతో అది తిరిగి తెరుచుకుంటే, వంగినవాళ్లం అలాగే ఉండిపోవాలా, లేక లేచి చిన్న ఎషాకుతో మళ్లీ మొదలుపెట్టాలా?