‘పలుకుబడిదారీ విధానం’ తప్పా?

మొన్న విజయనగరంలో డిగ్రీ పేపర్లు దిద్దుతుంటే ఒక జవాబు దగ్గర కలం ఆగింది. ప్రశ్న మామూలుదే: సోషలిజం నుంచి మార్కెట్టుకు మారిన దేశాలను పోల్చమని. అంతా పద్ధతిగా రాసుకొచ్చి, రష్యా దగ్గర ‘పలుకుబడిదారీ విధానం ఏర్పడింది’ అని రాశారు. ‘పెట్టుబడిదారీ’ రాయబోయి చెయ్యి జారిందని తెలుస్తూనే ఉంది. ఎర్రసిరాతో గీత కొట్టేశాను. కొట్టాక మనసొప్పలేదు.

మాట కట్టుబడి చూడండి. పెట్టు, పలుకు, ఏలు, చెల్లు, దిగు. వీటి పక్కన ‘పడి’ చేరి, పకారం బకారమై పెట్టుబడి, పలుకుబడి, ఏలుబడి, చెల్లుబడి, దిగుబడి అయ్యాయి. అన్నీ ఒకింటి పిల్లలే. ‘దారీ’ పారసీ నుంచి వచ్చిన చుట్టం. జమీందారీల జిల్లాలో పుట్టినవాళ్లం, మనకి కొత్త కాదు. పెట్టుబడికి అతికిన తోక పలుకుబడికి అతకదా?

ఇక అర్థం. 1992 జనవరి 2న రష్యాలో చాలా సరుకుల ధరల మీద సర్కారు పట్టు వదిలేసింది. ఆ అక్టోబరు నుంచి మనిషికొకటి చొప్పున 10,000 రూబుళ్ల ముఖవిలువతో వోచర్లు పంచారు, కర్మాగారాల్లో అందరికీ వాటా అని. ధరలు మండిపోతున్న రోజులు. ఇల్లు గడవక చాలామంది వాటిని చవగ్గా అమ్మేసుకున్నారు. 1995లో సర్కారు అప్పుల కోసం యూకోస్, నోరిల్స్క్ నికెల్ వంటి సంస్థల షేర్లు తాకట్టు పెడితే, వేలం నడిపిన బ్యాంకుల తాలూకు మనుషులే పాట గెలుచుకున్నారు. ఏలుబడి పోయింది, పలుకుబడి మిగిలింది, అదే పెట్టుబడి అయింది. సొమ్ము తెచ్చి పెట్టిందెవరు ఇక్కడ? ఆ పిల్లలు రాసిందే నిజమేమో అనిపిస్తోంది. మీరేమంటారు?

*రాజాం నుంచి:*
మాస్టారూ, మాకాడ ‘పెట్టుబడి’ అనే మాటే తక్కువండి. ‘మదుపు’ అంటాం. ‘ఈ యేడు వరికి మదుపు కూడా రానేదు’ అంటాడు మా అయ్య. పేపర్లో ‘మదుపరి’ అని చూస్తే షేరు మార్కెట్టోడట! మా అయ్య జన్మంతా మదుపు పెట్టినా మదుపరి కానేదు, పెట్టుబడిదారూ కానేదు, రైతుగానే ఉండిపోనాడు. వియత్నాం సంగతి నేను చదివేను. 1988లో సహకార సంఘాల చేతిలోని సాగుని కుటుంబాలకి అప్పజెప్పేరు, 1989లో పది లక్షల టన్నులకి పైగా బియ్యం బయటికి అమ్మేరు. దేశం పేరు మాత్రం ఇప్పటికీ సోషలిస్టు రిపబ్లిక్కే. దాన్నేటనాలి, మదుపుదారీ అనొచ్చా?

*ఇచ్ఛాపురం నుంచి:*
గురువుగారూ, నాకు అసలు మొదటి మాట దగ్గరే పేచీ ఉంది. మా క్లాసులో సగంమంది ఇంట్లో ఒడియా మాట్లాడతారు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో చేరిన మాటను తెలుగులో ‘సామ్యవాద’ అని చదువుతాం. ఒడియాలో అక్కడ ‘సమాజబాదీ’ ఉంటుంది, ‘సామ్యబాద’ అంటే వాళ్లకి కమ్యూనిజం. హిందీలోనూ అంతే. దాంతో ‘మన దేశం కమ్యూనిస్టు దేశమా సార్?’ అని ఏటేటా ఒకడైనా లేస్తాడు. సమాజం నుంచి పుట్టిన సోషలిజానికి సమానత్వం మాటను ఎందుకు తగిలించామో గానీ, పాఠం చెప్పేవాడి ప్రాణం తీస్తోంది.

*శ్రీకాకుళం నుంచి:*
వ్యుత్పత్తి కుదిరినంత మాత్రాన పారిభాషిక పదం అయిపోదండి. పైగా రష్యా ఒక్కటే ఉదాహరణా? పోలండ్ 1990 జనవరి 1నే ధరలు వదిలేసింది, కానీ పెద్ద సంస్థల్ని అంత తొందరగా అమ్మలేదు. అక్కడ పుట్టుకొచ్చిన చిన్న చిన్న దుకాణాలూ వ్యాపారాలూ పలుకుబడితో వచ్చినవి కావు. ‘పలుకుబడిదారీ’ ఒక దేశానికి తిట్టుగా పనికొస్తుంది, విధానానికి పేరుగా పనికిరాదు. మాస్టారు గీత కొట్టడమే సబబు.

*విజయనగరం నుంచి (మొదట రాసిన నేనే):*
శ్రీకాకుళం వారూ, తిట్టే అన్నారు కాబట్టి ఒకటి చెబుతాను. రష్యన్లు ప్రైవేటీకరణను ‘ప్రివతిజాత్సియా’ అంటారు. జనం అందులో ఒక్క ధ్వని దూర్చి ‘ప్రిఖ్వతిజాత్సియా’ చేశారు. ‘ప్రిఖ్వతీత్’ అంటే చేజిక్కించుకుపోవడం. మన నోట ‘దండుకోవడం’ అనుకోండి. వాళ్లు కావాలని తిప్పిన మాటను మన పిల్లలు పొరపాటున తిప్పారు, అంతే తేడా.

రాజాం తమ్ముడూ, ‘మదుపుదారీ’ బాగుంది. మీ నాన్నగారి చెవిన వేసి ఏమన్నారో రాయి. ఇచ్ఛాపురం మాస్టారి పేచీ వేరే చర్చగా పెట్టాలి, ఇక్కడ ఇమడదు.

పేపర్ల కట్ట రేపు అప్పగించాలి. గీత చెరిపేశాను. అర మార్కు మాత్రం కోసే ఉంచాను. ఆ మాటకు కాదు, పోల్చమంటే పోలండ్ ఊసే ఎత్తనందుకు.