స్విఫ్ట్ ముందు వీల్ బేరింగ్ మార్చినా మళ్లీ మోత, హబ్ కూడా మార్చాలా?

బండి 2009 స్విఫ్ట్ డీజిల్, ఉండేది విజయవాడ. ముందు ఎడమ చక్రం నుంచి 50 దాటగానే హూం అని మోత మొదలవుతుంది, 80కి మాట వినపడదు. స్టీరింగ్ కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకి తిప్పితే తగ్గుతుంది. వారధి ఎక్కితే గోడల వల్ల ఇంకా బాగా తెలుస్తుంది.

మొదట టైర్లని అనుమానించి ముందువి వెనక్కి మార్పించాను, తేడా లేదు. తర్వాత ఆటోనగర్‌లో బేరింగ్ కొత్తది వేయించాను. కొన్నాళ్లు నిశ్శబ్దం, మళ్లీ అదే మోత. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొద్దిగా వదులుగా ఆడుతోంది. బాల్ జాయింట్ బాగానే ఉంది, యాక్సిల్ నట్ బిగువుగానే ఉంది.

మళ్లీ విప్పించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మామూలుగా బేరింగ్ లోపలి రింగు హబ్‌కి (చక్రం బిగించే భాగం) పట్టుకుపోయి పుల్లర్ పెడితే గానీ రాదు. ఇది చేత్తో లాగితే వచ్చేసింది. రింగు కూర్చునే చోట హబ్ నున్నగా మెరుస్తోంది, ఒకవైపు నీలం రంగు తిరిగింది. నకిల్‌లోంచి (బేరింగ్‌ని బయట నుంచి పట్టి ఉంచే భాగం) బయటి రింగు మాత్రం ప్రెస్ పెడితేనే కదిలింది, లోపల గీతలు కూడా లేవు.

మెకానిక్ హబ్ మీద పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు తెప్పిస్తానన్నాడు. ఇంట్లోవాళ్లు ఎక్కే బండికి అది చేయించడం నాకు ఇష్టం లేదు, వద్దన్నాను. ఇంకొకాయన నకిల్‌తో సహా మొత్తం మార్చమంటున్నాడు.

ఇలాంటి పని చేయించినవాళ్లు, చేసినవాళ్లు చెప్పండి: నకిల్ పాతదే ఉంచి కొత్త హబ్, కొత్త బేరింగ్ వేస్తే నిలుస్తుందా?